మామ పేరున్న బేస్ గిటార్‌కి రంగు వేయించాలా?

కడప నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించి చెప్తాను.

ఆయన వయసు 31. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తారు, ఆదివారాలు చర్చి క్వయర్‌లో కీబోర్డు వాయిస్తారు. ఆయన మేనమామ 1980ల్లో కడప, ప్రొద్దుటూరు, రాజంపేట చుట్టుపక్కల పెళ్లిళ్లకీ తిరునాళ్లకీ తిరిగిన ఒక ఆర్కెస్ట్రాలో బేస్ గిటారిస్టు. ఇళయరాజా పాటలు క్యాసెట్‌లో వెనక్కి తిప్పి తిప్పి బేస్ ముక్కలు పట్టుకునేవాడట. ట్రూపు చెదిరిపోయాక గిటార్ పెట్టెలో పెట్టి అటకెక్కించాడు. మళ్లీ దించలేదు. రెండేళ్ల కిందట చనిపోయాడు. ఈ ఎండాకాలంలో అత్త పిలిచి, "నువ్వు వాయించు నాయనా, నాకొకసారి వినాలని ఉంది" అని గిటార్ చేతిలో పెట్టింది.

అది రెండు పికప్పుల (తీగల కదలికని కరెంటుగా మార్చే అయస్కాంత ముక్కల) బేస్. హెడ్‌స్టాక్ (బిరడాలుండే తల) మీద కంపెనీ పేరు చెరిగిపోయింది, నెక్ (మెడ) వెనక ప్లేటు మీద మాత్రం 'మేడ్ ఇన్ జపాన్' అని ఉంది. ముందువైపు నల్లరంగు పెచ్చులుగా లేచిపోతోంది. వెనకవైపు తెల్ల ఎనామెల్‌తో ట్రూపు పేరు, దాని కింద మామ పేరు, బోర్డులు రాసే పెయింటర్ రాసినవి, చెక్కు చెదరకుండా ఉన్నాయి. బ్రిడ్జ్ (తీగలు బాడీ మీద ఆనే చోటు) దగ్గరి పికప్ పలకడం లేదు. వాల్యూమ్ తిప్పితే గరగర. స్ట్రింగ్స్ బోర్డు (వేళ్లు నొక్కే పట్టీ) మీద నుంచి మరీ ఎత్తుగా లేచి ఉన్నాయి. ఫ్రెట్ల (బోర్డు మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీల) చివర్లు చేతికి గీసుకుంటున్నాయి. పెట్టె జేబులో ఎర్రదారం కట్టిన ఎల్ ఆకారపు కీ ఒకటి దొరికింది, అది దేనిదో తెలీదు.

చిక్కు ఇక్కడ మొదలైంది. మామ కొడుకు, అంటే ఈయన బావ, బెంగళూరులో ఉంటాడు. "నాన్న గిటార్ కొత్తదానిలా మెరవాలి. మా హాల్లో గోడకి పెట్టుకుంటా. ఖర్చంతా నాది" అంటున్నాడు. చెన్నైలో ఒక షాపు ఫొటోలు చూసి, ఫ్రెట్లన్నీ మార్చి, కొత్త పికప్పులు వేసి, మొత్తం గీకి రంగు వేయడానికి 34 వేలు చెప్పింది. ఒక స్నేహితుడేమో ఇలాంటి జపాన్ గిటార్లు లక్షల్లో పోతాయంటాడు. ఇంకొకాయన ఎర్రచందనం ముక్క తెచ్చిస్తాను, బోర్డు దాంతో చేయించు అన్నాడు. "బావే పెట్టుకుంటానంటుంటే ఇచ్చెయ్యొచ్చుగా, మనకెందుకీ టెన్షన్" అని ఈయన భార్య మాట. ఈయన దగ్గర ఉన్నది పది వేలు. క్రిస్మస్‌కి చర్చిలో దాన్ని వాయించాలని కోరిక. "రంగు వేయిస్తే మామ పేరు పోతుంది. వేయించకపోతే బావకి కోపం వస్తుంది. నేనేం చేయాలి?" అని ముగించారు.

మీ ఉత్తరంలో రంగు గురించి రెండు పేజీలున్నాయి, శబ్దం గురించి అర పేజీ ఉంది. అత్త అడిగింది వినాలని. బావ అడిగింది చూడాలని. మీరు ఇద్దరి కోరికలనీ ఒకే బిల్లులో వేసుకుని, ఆ బిల్లు చూసి భయపడుతున్నారు. వాటిని విడదీస్తే సగం బరువు దిగుతుంది.

చెన్నై షాపు వాళ్లది మోసం అనుకోకండి. 'కొత్తదానిలా చేయండి' అని అడిగితే ఆ పనికి అంతే అవుతుంది. ఇరవై ఫ్రెట్లు పీకి కొత్తవి దిగ్గొట్టి సరిచేయడమే ఓపికున్న మనిషికి రెండు రోజుల పని. మీరు అడగాల్సిన ప్రశ్న వేరు: 'ఇది పలకాలంటే కనీసం ఏం చేయాలి?' దానికి జవాబు మీ పది వేలలోపే ఉందని నా అంచనా. గిటార్ నా చేతిలో లేదు కాబట్టి అంచనా అనే అంటున్నాను.

లక్షల సంగతి ఒక్క మాటలో తేల్చేద్దాం. 1970ల్లో జపాన్ ఫ్యాక్టరీలు అమెరికన్ గిటార్లకి అచ్చుగుద్దినట్టు నకళ్లు చేశాయి. 1977లో అమెరికన్ గిటార్ కంపెనీ గిబ్సన్ మాతృసంస్థ నార్లిన్, ఇబానెజ్ గిటార్లు అమెరికాలో అమ్మే ఎల్గర్ కంపెనీ మీద హెడ్‌స్టాక్ ఆకారం విషయమై కేసు వేసింది. అది రాజీతో ముగిసింది. అప్పట్నుంచీ ఆ కాలపు జపాన్ నకలు ప్రతిదానికీ 'లాసూట్ గిటార్' (కేసు గిటార్) అని బోర్డు తగిలించి ధర పెంచడం అలవాటైంది. వాటిలో మంచివి ఉన్నాయి, ప్లైవుడ్ బాడీతో చేసిన చవకరకాలూ ఉన్నాయి. పేరు చెరిగి, రంగు లేచి, ఒక పికప్ పలకనిదానికి ఎవరూ లక్షలు ఇవ్వరు. అమ్మే ఆలోచన మీకు లేదు కూడా. కాబట్టి ధర గురించి నిశ్చింతగా ఉండి, వాయిద్యంగా చూడండి.

ఇలాంటి పాత వాటి మీద చేయి వేసేటప్పుడు నేను పెట్టుకున్న పద్ధతి ఒకటుంది. వెనక్కి తీసుకోగలిగిన పనులు ముందు, తీసుకోలేనివి చివర. స్ట్రింగ్స్ మార్చడం, వైరు అతకడం, స్క్రూ బిగించడం, ఇవన్నీ రేపు మళ్లీ మార్చుకోవచ్చు. రంగు గీకడం మార్చుకోలేం. ఇది నాకు ఊరికే రాలేదు. ఇరవై ఏళ్ల కిందట అనంతపురంలో ఒక పాత బేస్ కొని, మొదటి రోజే ఎమరీ పేపర్ పట్టుకుని కూర్చున్నాను. కింద అందమైన చెక్క గీతలు కనిపిస్తాయని ఆశ. రెండు గంటలకి పై పొర పోయి ప్లైవుడ్ అడ్డగీతలు బయటపడ్డాయి. దానికి మళ్లీ రంగు వేయక తప్పలేదు. వేశాక తెలిసింది, అసలు దాని నెక్కే వంకరని. రంగు డబ్బులు పెట్టింది పలకని గిటార్‌కి.

అందుకే మొదట మీ మామ దాచిన ఆ కీ సంగతి. అది బహుశా ట్రస్ రాడ్ కీ. నెక్ లోపల ఒక ఇనప కడ్డీ ఉంటుంది. నాలుగు తీగల లాగుడు కలిపితే డెబ్బై కిలోల పైమాటే. ఆ లాగుడికి నెక్ విల్లులా ముందుకి వంగకుండా వెనక్కి పట్టి ఉంచేది ఆ కడ్డీ. దాని నట్ హెడ్‌స్టాక్ దగ్గర చిన్న మూత కింద ఉంటుంది, లేదా నెక్ బాడీలో కూర్చునే చోట ఉంటుంది. కీ అక్కడ సరిగ్గా కూర్చుంటే అదే. కూర్చోకపోతే బలవంతం చేయకండి, అది బ్రిడ్జ్ మీద తీగలని మోసే చిన్న ముక్కల, అంటే శాడిళ్లదీ కావచ్చు.

స్ట్రింగ్స్ అంత ఎత్తు లేవడానికి కారణం చాలావరకు ఈ వంపే. తీగలు బిగించినట్టే ఉంచి ఏళ్ల తరబడి అటక మీద, మన కడప ఎండల్లో వదిలేస్తే నెక్ ఇంకేం చేస్తుంది? వంపు ఎంతో చూడటానికి ఖరీదైన పనిముట్లు అక్కర్లేదు. గిటార్ సరిగ్గా ట్యూన్ చేసి, వాయించేటప్పటిలా ఒళ్లో పెట్టుకోండి. లావు తీగని మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, చివరి ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కండి. ఇప్పుడు ఆ తీగే స్కేలు. ఏడో ఫ్రెట్ పైన తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు చూడండి. పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుంటే కార్డు వాళ్లు దూరుస్తారు. ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. అది హాయిగా దూరిపోతే వంపు ఎక్కువున్నట్టు. అందులో సగం కంటే తక్కువ, ఒక విజిటింగ్ కార్డు తీగకి తగిలీ తగలకుండా జారేంత సందు ఉంటే చాలు.

వంపు ఎక్కువుంటే నట్‌కి ఎదురుగా చూస్తూ గడియారం ముల్లు దిక్కున తిప్పాలి. పావు చుట్టు, అంతే. నట్ తుప్పు పట్టి ఉంటే ముందు రోజు రాత్రి ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేయండి. స్ట్రింగ్స్ కాస్త వదులు చేసి తిప్పి, మళ్లీ ట్యూన్ చేసి, మర్నాటిదాకా ఆగండి. చెక్క నిదానంగా సర్దుకుంటుంది. రెండోసారి ఇంకో పావు. కీ బిగుసుకుపోయి కదలకపోతే అక్కడితో ఆపేయండి. ఈ కడ్డీ లోపల తెగితే మీ పది వేలలో ఏమీ మిగలదు. నేను మిమ్మల్ని భయపెట్టే చోట్లలో ఇదొకటి.

వంపు సరయ్యాక బ్రిడ్జ్ మీద ఒక్కో తీగ కింద ఉండే శాడిల్‌ని దించుకోవచ్చు. పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగ కింద మూడు ఏటీఎం కార్డులు ఒకదాని మీద ఒకటి పట్టేంత ఎత్తు ఉంటే వాయించడానికి సుఖం. సన్న తీగకి ఇంకొంచెం తక్కువ. శాడిల్ స్క్రూలు తుప్పు పట్టి తిరగకపోతే బ్రిడ్జ్ మొత్తం విప్పి, విడిగా కిరోసిన్‌లో ఒక రాత్రి నానబెట్టండి. బాడీ మీద ఉండగా నూనెలు పోయకండి, చెక్కలోకి దిగుతాయి. శాడిళ్లు అట్టడుగుకి దిగినా ఎత్తు తగ్గకపోతే నెక్ విప్పి, అది కూర్చునే గూట్లో బాడీ లోపలి అంచు వైపు ఒక విజిటింగ్ కార్డు ముక్క పెట్టి బిగించండి. ఇది చాలామంది మెకానిక్కులు చేసే పనే, చౌకబారుది అనుకోకండి.

ఫ్రెట్ల చివర్లు గీసుకోవడానికి కూడా కారణం ఎండే. పొడి వేడికి చెక్క అడ్డంగా కుంచించుకుపోతుంది, లోహం కుంచించుకోదు. దాంతో ఫ్రెట్ మొనలు బయటికి పొడుచుకొస్తాయి. బోర్డు అంచుకి టేపు అంటించి, సన్న ఆకురాయితో ఆ మొనలు మాత్రం నునుపు చేస్తే చాలు. ఫ్రెట్లు మార్చాలా వద్దా అన్నది అప్పుడే తేల్చకండి. సరిగ్గా మూడు ఫ్రెట్ల మీద ఆనేంత పొడవున్న తిన్నని అంచుని (బాడీ వైపు ఫ్రెట్లకి ఏటీఎం కార్డు పొట్టి అంచు సరిపోతుంది, హెడ్‌స్టాక్ వైపు దూరంగా ఉన్నవాటికి ఇంకా పొడవైనది కావాలి) నిలబెట్టి, అటూ ఇటూ ఊగుతుందేమో చూడండి. ఊగితే మధ్య ఫ్రెట్ ఎత్తుగా ఉంది. అలాంటివి రెండు మూడు ఉంటే వాటిని సమం చేయించుకోవచ్చు, ఇరవై మార్చక్కర్లేదు. బోర్డు ఎండిపోయి తెల్లబారి ఉంటే మినరల్ ఆయిల్ నాలుగు చుక్కలు గుడ్డ మీద వేసి రుద్దండి. ఇంట్లో ఉందని శనగనూనె, కొబ్బరినూనె రాయకండి. కొన్నాళ్లకి జిగురు కట్టి కంపు కొడతాయి.

ఎర్రచందనం ముక్క తెస్తానన్న స్నేహితుడికి దండం పెట్టి వద్దనండి. ఆ చెక్క వాయిద్యాలకి పనికొస్తుందన్న మాట నిజమే. జపాన్‌లో షామిసెన్ అనే మూడు తీగల వాద్యానికి మెడ మన ఎర్రచందనంతో చేసినదైతే గొప్పగా చూస్తారు. కానీ కాగితాలు లేకుండా ఆ ముక్క మీ ఇంట్లో ఉంటే అది కేసు. కడప జిల్లాలో ఉండి మీకు ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు. అయినా మీ బోర్డుకి ఏమీ కాలేదు, మార్చే అవసరమే లేదు.

ఇక కరెంటు పని. దీంట్లోనే మీకు ఎక్కువ తృప్తి ఉంటుంది, ఖర్చు తక్కువ కూడా. గరగర అంటే వాల్యూమ్ కంట్రోల్‌లో దుమ్ము. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే సందులోంచి కొట్టి, నాబ్‌ని ముప్పై నలభై సార్లు ఇటు చివర నుంచి అటు చివరకి తిప్పండి. సగం కేసుల్లో అంతటితో పోతుంది. పోకపోతే కొత్త కంట్రోల్ వేయాలి. ఇక్కడ జాగ్రత్త. మన ఎలక్ట్రానిక్స్ షాపులో 'వాల్యూమ్ కంట్రోల్' అంటే ఆంప్లిఫయర్లకి వాడే పది కె (కె అంటే వెయ్యి ఓమ్‌లు) ఇస్తారు. అది వేస్తే గిటార్ గొంతు నొక్కేసినట్టు అవుతుంది. మీ పికప్పులకి కావాల్సింది 250 కె, లాగ్ రకం. అది దొరకకపోతే 470 కె తీసుకోండి, శబ్దం కాస్త పదునుగా ఉంటుంది, పని జరుగుతుంది. టోన్ దగ్గర కెపాసిటర్ పోయి ఉంటే 473 అని రాసి ఉన్నది అడగండి, రూపాయల్లో వస్తుంది. పాత కెపాసిటర్‌లో పాత శబ్దం ఉంటుందని వేలకి వేలు పెట్టి కొనేవాళ్లున్నారు. నా చెవికైతే ఆ తేడా ఎప్పుడూ పట్టలేదు.

పలకని పికప్ సంగతి. పసుపురంగు చిన్న మల్టీమీటర్ ఒకటి తీసుకోండి. పికప్ నుంచి వచ్చే వైర్ల టంకం విప్పి, మీటర్‌ని 20 కె మీద పెట్టి, రెండు కొసలూ తాకించండి. ఆరు నుంచి తొమ్మిది మధ్య ఏదైనా అంకె వస్తే పికప్ బతికే ఉంది, తప్పు స్విచ్చులోనో జాక్‌లోనో వైరులోనో ఉంది. ఎడమ పక్క ఒక్క '1' మాత్రమే కనిపిస్తే లోపల తీగ తెగింది. తెగిందని వెంటనే పారేయకండి. చాలాసార్లు అది చుట్ట మధ్యలో తెగదు, చుట్ట తీగ బయటి వైరుకి అతికే ఆ చిన్న కన్నం దగ్గర, పాత టంకం కింద, చిలుము పట్టి తెగుతుంది. భూతద్దం పెట్టుకుని చూడండి. వెంట్రుక కంటే సన్నగా ఒక రాగి కొస లేచి కనిపిస్తే మీరు అదృష్టవంతులు. దాని మీది పూత సన్నగా గీకి మళ్లీ అతికితే పికప్ లేచి కూర్చుంటుంది.

మధ్యలోనే తెగితే మళ్లీ చుట్టాలి. మోటార్ వైండింగ్ షాపుకి తీసుకెళ్లాలని మీకు తోచవచ్చు, నాకూ ఒకప్పుడు తోచింది. వాళ్ల చేతిలో పనితనానికి లోటు లేదు. కానీ ఈ తీగ మందం దాదాపు 0.063 మిల్లీమీటర్లు, చుట్లు ఎనిమిది తొమ్మిది వేలు. బోరు మోటార్ తీగ లాగినట్టు లాగితే తెగి చేతికొస్తుంది. దానికి బదులు కొత్త పికప్ కొనడం నయం. కొనే ముందు పాతదాన్ని పొడవు, వెడల్పు, స్క్రూ చెవుల దూరం మిల్లీమీటర్లలో కొలవండి. జాజ్ బేస్ (ఫెండర్ కంపెనీ రెండు పికప్పుల మోడల్) తరహాలో బ్రిడ్జ్ పికప్ నెక్ పికప్ కంటే కాస్త పొడవు. పైగా పాత జపాన్ కొలతలు ఇప్పటి కొలతలకి కలుస్తాయన్న నమ్మకం లేదు. కొత్తది దూరట్లేదని బాడీలో గుంట తవ్వకండి. అసలు ఇప్పటికి ఒక పికప్‌తోనే క్రిస్మస్ గడిపేయవచ్చు. నెక్ వైపు పికప్ ఒక్కటే పలికితే గుండ్రటి, మందమైన శబ్దం వస్తుంది. పాటలకి అదే హాయి.

విప్పినప్పుడు ఇంకొకటి చూడండి. బ్రిడ్జ్ కింద నుంచి ఒక వైరు కంట్రోల్ వెనక్కి వస్తుంది. అది ఊడి ఉంటే స్పీకర్లో ఎడతెగని బుర్రుమనే శబ్దం ఉంటుంది. అది అతికాక స్ట్రింగ్స్ అన్నీ ఎర్త్‌కి కలుస్తాయి కాబట్టి చర్చిలో మీరు వాడే ఆంప్లిఫయర్‌కి మూడో పిన్ను ఉండాలి, ఆ సాకెట్‌లో ఎర్త్ నిజంగా ఉండాలి. లేకపోతే చేతులు తీగల మీద ఉండగా మైకుకి పెదవి తగిలితే షాక్ కొట్టవచ్చు.

ఖర్చు చూద్దాం. కొత్త స్ట్రింగ్స్ సెట్ రెండు వేల చుట్టూ. క్లీనర్, మీటర్, టంకం సామాను, ఒకటి రెండు కంట్రోళ్లు, కొత్త జాక్ కలిపి పదిహేను వందలు. ఫ్రెట్లు సమం చేయించడానికి మనిషి కావాల్సి వస్తే ఇంకో రెండు మూడు వేలు. పికప్ కొంటే మిగిలినదంతా అయిపోతుంది. విప్పిన పాత ముక్క ఏదీ పారేయకండి. ఒక స్వీటు డబ్బాలో వేసి, దేని పక్కన ఏదుందో ఫొటోలు తీసి పెట్టుకోండి. బావ ఎప్పుడైనా 'నాన్నది ఏం చేశావు' అంటే చూపించడానికి ఉంటుంది.

ఇప్పుడు రంగు. నన్ను అడిగితే వెనకవైపు ముట్టుకోనివ్వను. ఆ కాలపు జపాన్ గిటార్లకి చాలావాటికి గాజులా గట్టి పాలియెస్టర్ పూత. అందుకే మీది పొడిగా రాలకుండా పెచ్చులుగా లేస్తోంది. అవునో కాదో తెలుసుకోవాలంటే నెక్ విప్పినప్పుడు ఆ గూట్లో, ఎవరికీ కనపడని చోట, ఇయర్‌బడ్‌తో ఒక చుక్క థిన్నర్ పెట్టండి. కరిగి అంటుకుంటే ఎన్‌సి (నైట్రోసెల్యులోజ్) రంగు. ఏమీ కాకపోతే పాలియెస్టరో, అలాంటి గట్టి పూతో. ఆ థిన్నర్ సీసాని వెనకవైపు దరిదాపుల్లోకి రానివ్వకండి. మామ పేరు రాసిన ఎనామెల్ ఒక్క తుడుపుకి వెళ్లిపోతుంది. అక్కడ తడిపి పిండిన మెత్తని గుడ్డ చాలు.

మీ ముందు మూడు దారులున్నాయి. పెచ్చుల్ని ఉన్నచోటే ఆపేయడం మొదటిది. లేచిన అంచుల కిందకి ఫెవిక్విక్ ఒక్కో చుక్క పోనిచ్చి అతికించాలి. చిన్న గుంటల్ని అదే చుక్కలతో నింపి, ఆరాక వెయ్యి, రెండు వేల నంబరు నీళ్ల ఎమరీతో సమం చేసి, బైకులకి వాడే రబ్బింగ్ కాంపౌండ్‌తో మెరుగు పెట్టాలి. రెండు మూడు వందల్లో అయిపోతుంది. దగ్గర్నుంచి చూస్తే మచ్చలు తెలుస్తాయి. స్టేజీ మీద తెలియవు.

ముందువైపూ అంచులూ మాత్రం రంగు వేయించడం రెండోది. దీనికి గిటార్ షాపే అక్కర్లేదు, కార్లకి డ్యూకో కొట్టే మంచి పెయింటర్ చాలు. చిన్నచూపు చూడకండి. 1960ల్లో ఫెండర్ కంపెనీ తన కస్టమ్ రంగులకి వాడింది కార్ల కోసం డ్యూపాంట్ చేసిన డ్యూకో, లూసైట్ పెయింట్లనే. వాళ్ల పేరుమోసిన ఫియెస్టా రెడ్ ఫోర్డ్ థండర్‌బర్డ్ కారు రంగు. మన టింకరింగ్ షెడ్డులో వినిపించే ఆ 'డ్యూకో' మాట అక్కడిదే. పెయింటర్‌కి మూడు సంగతులు చెప్పండి: పాత పూత పూర్తిగా గీకొద్దు, గరుకు చేసి ప్రైమర్ కొడితే చాలు. నెక్ గూట్లో రంగు పడకూడదు, పడితే నెక్ కూర్చోదు. వెనకవైపు కాగితం, టేపు వేసి మూసేయాలి, ఆ టేపు అక్షరాల మీద మాత్రం అంటకూడదు. అయితే క్రిస్మస్‌లోపు ఇది కుదరదని నా అభిప్రాయం. అక్టోబరు, నవంబరు మనకి వానలు. గాలిలో తేమ ఉండగా ఎన్‌సి రంగు కొడితే పాలు ఒలికినట్టు తెల్లబారుతుంది. పైకి ఆరినట్టున్నా లోపల గట్టిపడటానికి వారాలు పడుతుంది, ఈలోపు బెల్టు రాసుకున్న చోటల్లా గుర్తు పడుతుంది. వేయించేదే అయితే జనవరి, ఫిబ్రవరిలో వేయించండి.

మూడోది బావ చెప్పిన దారి, మొత్తం గీకి కొత్తగా చేయడం. అది తప్పని నేననను. మీ బావకి ఆ గిటార్ మీద మీకంటే తక్కువ హక్కేమీ లేదు. మీకు అది వాయిద్యం, ఆయనకి అది నాన్న. పాడైన పెచ్చులు చూస్తే ఆయనకి నాన్న వాయించడం మానేసిన రోజులే గుర్తుకొస్తాయేమో. కానీ ఈ దారిలో పేరు పోతుంది, తిరిగి రాదు. బటర్ పేపర్ మీద అచ్చు తీసుకుని కొత్త రంగు మీద మళ్లీ రాయించవచ్చు, నేనైతే దాన్ని మామ చూసిన అక్షరం అనుకోలేను. అదీకాక ఆయన డబ్బుతో 34 వేల పని జరిగాక, ఆదివారం చర్చికి తీసుకెళ్తానని మీరు గట్టిగా అడగలేరు. గీత పడుతుందేమోనని మీరే తీసుకెళ్లరు.

నాలుగో మాట మీ భార్య అన్నది, ఇచ్చేయడం. పదిహేను వేల చుట్టుపక్కల మామూలు కొత్త బేస్ వస్తుంది, చర్చిలో వాయించడానికి దానికేం లోటుండదు. కానీ అత్త అడిగింది ఏ గిటారో ఒకటి వినాలని కాదు. ఈ దారి పట్టేట్టయితే అత్తకి మీరే చెప్పాలి, బావ చేత చెప్పించకూడదు.

బావకి ఫోన్‌లో 'రంగు వద్దు' అని మొదలుపెట్టకండి, అక్కడే తెగుతుంది. వెనకవైపు ఫొటో పంపండి. ఆయన చూసి ఎన్నేళ్లైందో. పేరు స్పష్టంగా కనిపించేలా, పగటి వెలుగులో పక్కనుంచి తీస్తే కుంచె గీతలతో సహా పడుతుంది. 'ముందు పలికేలా చేస్తాను బావా, ఖర్చు నేను పెట్టుకుంటాను. రంగు సంగతి సంక్రాంతికి నువ్వొచ్చినప్పుడు ఇద్దరం చూసి తేలుద్దాం' అనండి. అప్పటికి వానలూ తగ్గుతాయి, ఆయనా ఒకసారి విని ఉంటాడు. ఆయన గోడ మీద కావాలంటే ఏడాదిలో కొన్ని నెలలు అక్కడ వేలాడితే మీకు పోయేదేమీ లేదు. హుక్కు ఎండ పడే గోడకి కాకుండా చూడమనండి. ఇవన్నీ చెప్పినా ఆయన పట్టు విడవకపోతే అత్తని మధ్యవర్తిగా లాగకండి. ముందువైపు మాత్రం రంగు అనే రెండో దారి ఆయన డబ్బుతోనే చేయిద్దామనండి, దానికి చాలామంది ఒప్పుకుంటారు.

చివరిగా, పని అయ్యాక మొదటిసారి ప్లగ్ పెట్టేది అత్త ఇంట్లో పెట్టుకోకండి. ఎంత జాగ్రత్తగా అతికినా మొదటి రోజు ఏదో ఒక వైరు ఊడుతుంది, లేదంటే బుర్రుమంటుంది, మీరు చెమటలు పట్టి స్క్రూ డ్రైవర్ వెతుక్కుంటారు. చర్చి తాళాలు అడిగి, ఎవరూ లేని ఒక సాయంత్రం అక్కడ పెట్టండి. లావు తీగని ఒక్కదాన్నే మీటి, పూర్తిగా ఆగిపోయేదాకా వినండి. మధ్యలో గరగర లేకుండా ఆగితే మరుసటి ఆదివారం అత్తని పిలవండి.